అన్నానికి ముందు పాడిన పాట

స్ట్రోక్ వచ్చి మాట పడిపోయిన మనిషి నోట్లో చివరికి ఏం మిగులుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కొందరికి అంకెలు మిగులుతాయి. కొందరికి చిన్నప్పటి ప్రార్థన. చాలామందికి బూతులు. జీవితమంతా చర్చిలో ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడకి ఒకే ఒక్క పచ్చి బూతు మిగిలింది. మనవలు వస్తే దానితోనే దీవించేది, వెళ్తుంటే దానితోనే సాగనంపేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, ఆ స్థితిలో నోటికి మంచీ చెడూ తెలియవు. ఏళ్ళ తరబడి రోజూ ఏది పలికిందో అదే దాచుకుంటుంది. మనసుకి ఏది ఇష్టమో కనుక్కోదు. చదువుకునే రోజుల్లో ఇదంతా పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. అర్థమైంది మాత్రం ఒక వియత్నాం ఆయన దగ్గర. అర్థం కాకపోయినా బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో ఒక రీహాబ్ సెంటర్‌లో నేను స్పీచ్ థెరపిస్టుని. మాట పోయినవాళ్ళకి మాట, మింగడం మరిచినవాళ్ళకి మింగడం నేర్పడం నా పని. ఆయన చలికాలం చివర్లో వచ్చాడు. డెబ్బై దాటిన సన్నటి మనిషి. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ఒక్కటంటే ఒక్కటి లేదు. ఈ దేశం వచ్చాక రిటైరయ్యేదాకా కార్ల విడిభాగాలు చేసే షాపులో పనిచేశాడట. భార్య కార్ల సీట్లకి కవర్లు కుట్టే ఫ్యాక్టరీలో చేసేది. పిల్లలు లేరు. ఆవిడ రోజూ మధ్యాహ్నం బస్సులో వచ్చి సాయంత్రం దాకా ఆయన పక్కన కూర్చునేది. ఆవిడ ఇంగ్లీషు చిన్న చిన్న వాక్యాలు. ఒక వాక్యం పూర్తిచేసి, అది సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుని ఇంకోటి మొదలుపెట్టేది.

ఆయన విషయంలో ఆవిడకి ఒకటే కోరిక. "నీళ్ళు అడిగితే చాలు," అంది మొదటి రోజే. "ఇంట్లో నేను వంటగదిలో ఉంటాను. ఆయనకి దాహమేస్తే నాకు ఎలా తెలుస్తుంది?"

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మాట ఎక్కువగా మెదడు ఎడమవైపుది. పాటకి కుడివైపు కూడా సాయం చేస్తుంది. అందుకే మాట పోయినా కొందరికి పాట మిగులుతుంది. రోగి ఎడమ చెయ్యి పట్టుకుని తాళం వేస్తూ బాగా తెలిసిన పాట పాడిస్తాం. పాట వచ్చిందంటే మెల్లగా అందులో మాటలు తీసేసి, ఆ వరసలోనే కావలసిన మాటలు కూర్చుతాం. నీళ్ళు, నొప్పి, బాత్రూమ్. అందుకని ఆయనకి ఇష్టమైన పాటలేవని ఆవిడని అడిగాను. మర్నాడే చిన్న స్పీకర్ తెచ్చింది. అన్నీ యుద్ధం నాటి పాత పాటలు. అన్నీ నిదానంగా, దిగులుగా ఉండేవి. వాన, కాపలా గుడిసె, ఊళ్ళో ఎదురుచూసే పిల్ల, పాట పాటకీ ఇవేనని చెప్పి సిగ్గుపడింది. పాటంటే ఆయనకి ప్రాణమట. ఇంట్లో రోజూ ఇవే వినేవాడట.

అవి పెడితే ఆయన వినేవాడు. విన్నంతసేపూ పెదవులు గట్టిగా బిగించుకునేవాడు. నేను తాళం వేసేదాన్ని, రాని భాషలో వచ్చీరాని మాటలతో పాడేదాన్ని, బతిమాలేదాన్ని. పెదవి విప్పేవాడు కాదు. నాకు ఓపిక తక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఉద్యోగంలో మాత్రం అద్దెకి తెచ్చుకున్న ఓపికతో నెట్టుకొస్తాను. ఆ బుధవారం అది కూడా అయిపోయింది. స్పీకర్ కట్టేసి, కనీసం అంకెలైనా వస్తాయేమోనని ఆయన చేతి మీద టకటకా తాళం వేస్తూ ఒన్, టూ, త్రీ, ఫోర్ అని మొదలుపెట్టాను. నా విసుగు వల్ల తాళం కొంచెం గట్టిగా, కొంచెం వేగంగా పడింది.

ఆయన వెన్ను నిటారుగా అయింది. గడ్డం పైకి లేచింది. నోరు తెరిచి ఒక పాట అందుకున్నాడు. ఒక్క మాట తడబడలేదు. గది దద్దరిల్లేంత గొంతు. కవాతు చేస్తున్నట్టు నడిచే పాట. చేతిలో చేతిని అలాగే పట్టుకుని, ఆపకుండా తాళం వేస్తూ ఏడ్చేశాను.

అప్పుడే తలుపు దగ్గర మా నాన్న ప్రత్యక్షమయ్యాడు. అమ్మ పోయాక నాన్న నా దగ్గరే ఉంటున్నాడు. ఇంట్లో కూర్చుని తోచక, బుధవారాలు మా సెంటర్‌కి వాలంటీర్‌గా వచ్చి చక్రాల కుర్చీలు తోస్తాడు, పేకాట ఆడిస్తాడు. ఎవరినో తీసుకెళ్తూ కారిడార్‌లో ఆ పాట విని కుర్చీ అక్కడే వదిలేసి వచ్చాడు. వియత్నాం ఆయన అప్పటికి రెండో చరణంలో ఉన్నాడు. నాన్న గుమ్మంలో నిలబడే అందుకున్నాడు, తెలుగులో.

"ఆకాశం నీదైతే అడవి నీడ మాదిరా..."

వరస అచ్చంగా అదే. ఆయన ఆ భాషలో, మా నాన్న ఈ భాషలో చివరిదాకా పాడారు. పాట అయిపోయాక ఆయన నోరు మళ్ళీ మూతపడింది. నాన్న పరుగున వచ్చి ఆయన ఎడమ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని "కామ్రేడ్, కామ్రేడ్" అంటూ ఊపేస్తున్నాడు.

మా నాన్న సంగతి కొంచెం చెప్పాలి. బెజవాడలో కాలేజీ రోజుల్లో ఆయన ఒక పాటల దళంలో ఉండేవాడు. ఏదో యువజన సభకి వియత్నాం నుంచి కొందరు వచ్చి పాడితే, వీళ్ళ హార్మోనియం ఆయన ఆ వరస పట్టేశాడట. విమానాల మీద, బాంబుల మీద తెలుగు మాటలు వీళ్ళే కట్టుకున్నారు. సినిమా హాళ్ళ ముందు, రిక్షా స్టాండుల్లో, బండి మీద ఎక్కి వానలో తడుస్తూ పాడారు. లాఠీ దెబ్బకి నాన్న కనుబొమ చీలింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మా ఇంట్లో వియత్నాం అంటే ఒక దేశం కాదు, మంచితనానికి కొలబద్ద. నేను అన్నం వదిలేస్తే వియత్నాం, అబద్ధం చెబితే వియత్నాం, పరీక్షంటే భయపడితే వియత్నాం. "మీ నాన్న అమెరికాని ఓడించి, ఆ తర్వాత బ్యాంకులో చేరాడు," అనేది మా అమ్మ. ఇప్పుడు ఆ అమెరికాలోనే గ్రీన్ కార్డుతో కూర్చుని మంచు పడుతోందని విసుక్కుంటున్నాడు. ఎంత ఎగతాళి చేసినా, ఆయన జీవితంలో ఆయన గర్వపడేది ఆ పాట ఒక్కటే. గడ్డం గీసుకుంటూ కూడా అదే కూనిరాగం.

ఆ సాయంత్రం నాన్న కాలు నేల మీద నిలవలేదు.

"ఆయన మనోడేనే తల్లీ! చూశావా, ఇన్నేళ్ళకి, ఇంత దూరంలో!"

"నాన్నా, ఇక్కడ సెటిలైన వియత్నాం వాళ్ళు మోస్ట్‌లీ అమెరికా సైడ్ వాళ్ళు. గెలిచిన కమ్యూనిస్టులకి భయపడి వచ్చేసినవాళ్ళు. నువ్వు ముందే కామ్రేడ్, కామ్రేడ్ అనకు."

"మరి ఆ పాటెట్టా వచ్చిందే ఆయనకి? అక్షరం పొల్లుపోకుండా?"

నాన్న తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి, పైగా ఈసారి కుందేలుకి నిజంగానే మూడు కాళ్ళున్నట్టు కనిపించింది. నేనూ నమ్మాను. నమ్మడానికి నాకూ ఇష్టంగానే ఉంది.

ఆవిడ మధ్యాహ్నాలు వచ్చేది, నా క్లాసు పొద్దున. అందుకని భర్త పాడడం ఆవిడ ఇంకా వినలేదు. నేనే ఫోన్ చేసి, మంచి విషయం ఉంది, వచ్చే బుధవారం పొద్దున్నే రమ్మన్నాను. నాన్న ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆవిడ సూప్ ఫ్లాస్కు పట్టుకుని వచ్చేసరికి మేం ముగ్గురం సిద్ధంగా ఉన్నాం. నేను తాళం మొదలుపెట్టాను. ఆయన అందుకున్నాడు, నాన్న అందుకున్నాడు. ఇద్దరు ముసలివాళ్ళ గొంతులు కలిసి ఎంత బాగున్నాయో చెప్పలేను.

ఆవిడ ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. కోటు విప్పలేదు. పాట చివరిదాకా నిలబడే విన్నది. అయిపోయాక దగ్గరికి వచ్చి జేబురుమాలుతో భర్త పెదవుల పక్కన కారిన చొంగ తుడిచింది.

"ఇది ఎవరు నేర్పారు?" అంది.

"ఎవరూ నేర్పలేదండీ. ఆయనకే వచ్చింది."

ఆవిడ తల ఊపింది. కాసేపు సరైన మాటల కోసం వెతుక్కుంది.

"మా ఆయన ఓడిపోయిన సైన్యంలో ఆఫీసర్. యుద్ధం అయ్యాక క్యాంపులో పెట్టారు. బుద్ధి మార్చే క్యాంపు. ఆరేళ్ళు. సాయంత్రం అన్నానికి ముందు లైన్లో నిలబెట్టి ఈ పాట పాడించేవారు. రోజూ. గట్టిగా పాడాలి. ఒకడి గొంతు తగ్గితే లైను మొత్తానికి అన్నం లేదు."

నాన్న చెయ్యి ఇంకా ఆయన చేతి మీదే ఉంది.

"నేను తెచ్చినవి ఆయన పాటలు. వాన పాటలు. క్యాంపులో అవి పాడకూడదు. అవి మనిషిని మెత్తబరుస్తాయని ఆపేశారు. కూనిరాగం తీసినా శిక్షే. ఆయన తీశాడు. దుంపలు తవ్వుతూ నోరు మూసుకుని పాడుకునేవాడు. దొరికిపోతే చీకటి గదిలో వేశారు. బయటికి వచ్చి మళ్ళీ పాడాడు. యుద్ధంలో నేను గెలిచింది అదొక్కటేనని నాతో అనేవాడు."

ఆవిడ నాన్న వైపు తిరిగి, తప్పు తనదైనట్టు మెల్లగా అంది. "మా అక్క అమెరికా బాంబుకే పోయింది. ఈ పాట కట్టినవాళ్ళకి కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. కానీ ఇది ఆయన గొంతులో వినలేను."

నాన్న తెలుగులో నాతో అన్నాడు. "పొరబడుతుందేమో. వేరే పాటేమో. ఒకసారి అడుగమ్మా."

"ఏమంటున్నారు?" అని ఆవిడ నన్ను అడిగింది.

"చాలా బాధపడుతున్నానంటున్నారు," అన్నాను.

కారులో ఇంటికి వస్తుంటే నాన్న చాలాసేపు అద్దంలోంచి రోడ్డు పక్క బురద మంచుని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "పాటేం చేసిందమ్మా? ఎవడో దాన్ని అట్టా వాడితే పాటది తప్పా?" అన్నాడు.

"నాకు తెలియదు నాన్నా."

"పిల్లల మీద నిప్పులు కురిపించారు. ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టారు. అప్పుడు నోరు మూసుకుని కూర్చోమంటావా?"

"అనలేదు."

"ఈ క్యాంపుల సంగతి మాకు ఎవరూ చెప్పలేదు."

"చెప్పే ఉంటారు. మీరు నమ్మి ఉండరు."

అంత పదునుగా అనాల్సిన పని లేదు. కానీ ఆ రోజు నాకు అందరి మీదా కోపంగా ఉంది. ఇంటికి వచ్చాక నాన్న అన్నం వద్దన్నాడు.

ఇక అసలు సమస్య నా ముందుంది. ఆయన నోరు తెరిచేది ఆ ఒక్క పాటకే. దాన్ని వదిలేస్తే నా చేతిలో ఇంకేమీ లేదు. పైగా గోరుచుట్టు మీద రోకటి పోటులాగా ఇన్సూరెన్స్ వాళ్ళు ప్రోగ్రెస్ చూపించమంటున్నారు, లేకపోతే పంపించేయమంటున్నారు. బతకడానికి వేరే ఉద్యోగం దొరికితే ఆ రోజే మానేసేదాన్ని. ఆవిడని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ వరసలో నీళ్ళు అనే మాట పెడితే ఆయన అడగగలుగుతాడు. ఇంకే వరసలోనూ రాదు. వద్దంటే ఆపేస్తాను.

"ఆయనకి ఇష్టమేనా?" అని అడిగింది.

అడిగాం. ఆయన తల ఊపాడు. కానీ ఆయన దేనికైనా తల ఊపేవాడు. మీరు ఆడమనిషా అంటే కూడా ఊపేవాడు.

"నీళ్ళు అడగాలి కదా," అంది ఆవిడ చివరికి. ఆ మాట ఆ వరసలో ఎక్కడ ఒదుగుతుందో నాకు తెలియదు కాబట్టి తనే కూర్చింది. తనే పాడి చూపించింది. ముప్ఫై ఏళ్ళు భర్త ఇంట్లో పాడనివ్వని పాటని, భర్త ఎడమ చేతి మీద తాళం వేస్తూ, నా ముందు కూర్చుని నేర్పింది. ఇంతకన్నా ఘోరమైన పని నేను ఎవరితోనూ చేయించలేదు.

పాట పనిచేసింది. కొద్ది వారాల్లో ఆయన నీళ్ళు అడిగాడు. వెన్ను నిటారుగా పెట్టి, గడ్డం ఎత్తి, సిపాయిలా అడిగేవాడు. మింగేటప్పుడు పొరబోకుండా చిక్కబరిచే పొడి కలిపిన నీళ్ళు ఇస్తే తాగేవాడు. తాగుతూ ఏడ్చేవాడు. స్ట్రోక్ తర్వాత కొందరికి దుఃఖం లేకపోయినా ఏడుపొస్తుంది, నరాల వల్ల. ఆవిడ అడిగినప్పుడల్లా అదే చెప్పేదాన్ని. అది నిజమే. ఆయనది అదో కాదో మాత్రం నాకు తెలియదు. తెలుసుకునే దారి లేదు. అడిగితే తల ఊపుతాడు.

ఆవిడ ఆ క్యాంపు సంగతి చెప్పిన తర్వాతి బుధవారం నుంచే నాన్న సెంటర్‌కి రావడం మానేశాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు. గడ్డం గీసుకుంటున్నప్పుడు బాత్రూమ్‌లోంచి నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదని నేను చాలా రోజులకి గమనించాను. ఒక రోజు భోజనాల దగ్గర, కంచంలోకి చూస్తూ, "ఆయన ఎట్టా ఉన్నాడు?" అన్నాడు.

"నీళ్ళు అడుగుతున్నాడు."

"అదే వరసలోనా?"

"అదే వరసలో."

నాన్న ముద్ద కలిపి కలిపి, తినకుండా లేచి చెయ్యి కడుక్కున్నాడు. నాకు ఆయనని ఓదార్చే మాట ఒక్కటీ తట్టలేదు. అందరికీ మాటలు నేర్పేదాన్ని.

వియత్నాం ఆయన ఇంటికి వెళ్ళే వారం వచ్చింది. ఒక మధ్యాహ్నం మింగడం పరీక్ష కోసం నేను ఆ గదికి వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. లోపల ఆవిడ పాడుతోంది. స్పీకర్ లేదు. సన్నటి, వణికే గొంతు. భర్త చెవి దగ్గర నోరు పెట్టి వాన పాటల్లో ఒకటి పాడుతోంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. బిగించుకున్న పెదవులు కొద్దిగా వదులయ్యాయి. ఇన్ని రోజుల్లో ఆయన ముఖం అలా ఉండడం నేను చూడలేదు. ఆయన గొంతులోంచి, నోరు తెరవకుండానే, ఏదో సన్నటి ధ్వని వస్తోంది. రాగంలోనే ఉంది.

నాకు ఆశ పుట్టింది. నా వృత్తికి ఉన్న జబ్బే అది. ఇదే కదా ఇన్ని రోజులూ వెతికింది, ఈ పాటతో మళ్ళీ మొదలుపెట్టొచ్చు, ఆ పాడు పాటని వదిలేయొచ్చు అనుకుంటూ తలుపు తోసి ఒక అడుగు లోపలికి వేశాను.

ఆయన కళ్ళు తెరిచాడు. గుమ్మంలో యూనిఫామ్‌లో నేను. ఆయన ముఖంలో రక్తం లేకుండా పోయింది. ఎడమ చెయ్యి లేపి భార్య నోరు మూశాడు. గట్టిగా, ఆవిడ తల వెనక్కి వాలేంత గట్టిగా మూశాడు. వెన్ను నిటారుగా అయింది. గడ్డం లేచింది. నా కళ్ళల్లోకి చూస్తూ ఆ క్యాంపు పాట అందుకున్నాడు. నేను ఎన్నడూ విననంత గట్టిగా. నేను తాళం వేయలేదు, ఎవరూ వేయలేదు. తనంతట తాను మొదలుపెట్టాడు.

"ఇది నేనండీ," అన్నాను. "ఏం ఫరవాలేదు. మీరు పాడుకోండి." ఆయన గొంతు ఇంకా పెంచాడు. నుదుటి మీద నరాలు ఉబ్బాయి. ఒక అడుగు దగ్గరికి వేస్తే ఆయన చెయ్యి భార్య నోటి మీద ఇంకా బిగిసింది.

ఆవిడ ఆ చేతిని బలవంతంగా లాగేయలేదు. నెమ్మదిగా వేలు వేలూ విడదీసుకుంది. పెదవి మీద ఆయన గోరు గీసుకున్న చోట ఎర్రగా ఉంది.

"మీరు వెళ్ళండి, ప్లీజ్," అంది. "నన్ను కాపాడుతున్నాడు. మీరు ఉన్నంతసేపూ ఆపడు."

నేను బయటికి వచ్చి తలుపు మూశాను. పాట చరణం మధ్యలో ఆగిపోయింది. కారిడార్‌లో గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. లోపల ఆవిడ మళ్ళీ మొదలుపెడుతుందేమోనని విన్నాను. పెట్టలేదు.